రెండో పడక పట్టని ఇల్లు

చిన్న ఇల్లు కావాలని వచ్చేవాళ్ళంటే నాకు భయం. పెద్ద ఇల్లు అడిగేవాళ్ళకు కనీసం తమకేం కావాలో తెలుసు. వీళ్ళు ఫోన్ తెరిచి, ఏదో దేశంలో ఏదో అడవి పక్కన అగ్గిపెట్టెంత చెక్క ఇంట్లో కాఫీ తాగుతున్న మనిషిని చూపిస్తారు. "ఇంతే చాలు మేడం, జీవితానికి ఇంకేం కావాలి" అంటారు. సరేనని గీసుకుని వెళితే బీరువా ఎక్కడ పెడతారని అడుగుతారు. ఆ తర్వాత రెండో బాత్రూమ్, అతిథులకు ఒక గది, మేడ మీదికి మెట్లు. చివరికి అది వాళ్ళు ఇప్పుడుంటున్న ఇంటికి తమ్ముడై కూర్చుంటుంది. నేను మళ్ళీ మొదటి నుంచి గీయాలి.

పుదుచ్చేరిలో ఇళ్ళ ప్లాన్లు గీయడం నా పని. చిన్న ఇల్లు అనే మాట వినగానే మా బంధువుల్లో మగవాళ్ళు, ఇది ఎవరు ఎవరికి కట్టిస్తున్న చిన్నిల్లో అన్నట్టు, ఒకరినొకరు చూసుకుని ముసిముసిగా నవ్వుతారు. ఆ నవ్వు అయ్యేదాకా ఆగి నేను కాగితం విప్పాలి. ఇన్నేళ్ళయినా వాళ్ళకు ఆ వేళాకోళం పాతబడలేదు.

అయినా చిన్న ఇల్లు గీయడంలో ఉన్న రుచి నాకు పెద్దవాటిలో దొరకదు. పెద్ద ఇంట్లో రెండడుగులు వృథా అయితే ఎవరికీ పట్టదు. అక్కడో పూలకుండీ పెట్టి మరిచిపోతారు. చిన్న ఇంట్లో ప్రతి మూలా నన్ను నిలదీస్తుంది. మంచం కింద బియ్యం డబ్బా పట్టాలి. పడుకున్న మనిషి మొహానికి గాలి తగలాలి. పొయ్యి ముందు నిలబడి చెయ్యి చాపితే ఉప్పు అందాలి. తలుపు లోపలికి తెరుచుకుంటే ఒక మనిషి నిలబడే చోటు పోతుంది కాబట్టి అది బయటికే తెరుచుకోవాలి. ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి ఒదిగినప్పుడు నాకు కలిగే సంతోషం గురించి చెబితే జనం నవ్వుతారు, అందుకే చెప్పను.

మా పనిలో అందరినీ ఏడిపించే రోజు ఒకటుంది. పునాది తవ్వే ముందు మేస్త్రీ తాళ్ళు కట్టి, గోడలు వచ్చే చోట నేల మీద ముగ్గుపిండితో గీతలు పోస్తాడు. ఆకాశం కింద ఆ గీతలు చూస్తే ఎంత ఇల్లయినా కోళ్ళగూడంతే కనిపిస్తుంది. గోడలు లేచాక అదే ఇల్లు పెద్దదవుతుంది. ఈ సంగతి నేను నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినా ఎవరూ నమ్మరు. ముగ్గు చూడగానే బెంబేలెత్తి, ఇంకో అడుగు, ఇంకో అడుగు అంటూ గీతలు జరిపిస్తారు.

ఇలాంటి నా దగ్గరికి మా మేనత్త వచ్చింది. మా నాన్నకు చెల్లెలు. ఆమెకు పెళ్ళి కాలేదు. అయ్యేదే, కానీ ఒక ఏడు మా పెద్దమ్మకు పురుడు వచ్చింది, మరో ఏడు తాతకు పక్షవాతం వచ్చింది, ఆమె చేతి సాయానికి అందరూ అలవాటు పడ్డారు. ఆ తర్వాత ఆమె పెళ్ళి సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఎక్కడ పురుడుంటే అక్కడికి, ఎక్కడ మంచాన పడ్డవాళ్ళుంటే అక్కడికి ఆమెను పంపేవాళ్ళు. ఆమె ట్రంకు పెట్టె ఎప్పుడూ ఎవరో ఒకరి మంచం కింద ఉండేది. పడక మాత్రం వంటింటి గుమ్మం దగ్గర చాప. నన్ను పెంచింది కూడా ఆమే. అవ్వ పోయే ముందు పట్టుబట్టి, ఊళ్ళోనే రేవు పక్కన తేంగాయితిట్టులో మా పెద్దనాన్న ఇంటి వెనక పశువుల కొట్టం ఉండిన జాగాను కూతురి పేర రాయించింది. అత్త చేతి గాజులు అమ్ముకుని నా దగ్గరికి వచ్చింది.

"నాకొగ ఇల్లు గియ్యి పాపా."

"ఎంత ఇల్లు అత్తా?"

"నేను పండుకుంటే ఇంగెవురూ పండుకోను చోటు ఉండగూడదు. అంత."

నేను నవ్వాను. తమాషాకు అందనుకున్నాను. ఆ మాట అప్పుడే సరిగా విని ఉంటే తర్వాత నా తల ప్రాణం తోకకు వచ్చేది కాదు.

ఇంకా చిన్నదే కావాలని అడిగిన మొదటి మనిషి కదా, మహా ఉత్సాహంగా గీశాను. ఒకే గది, ఒక మూల పొయ్యి, వెనక స్నానాలగది. మంచం ఇటుకలతో కట్టింది. ప్లాను మీద పేర్లన్నీ తమిళంలో రాశాను. అత్త తెలుగు మాట్లాడుతుందే గానీ చదవలేదు. తమిళ బడుల్లో చదివిన మా తెలుగు ఇళ్ళలో చాలామంది అంతే. నేను పెద్దయ్యాక పట్టుబట్టి అక్షరాలు నేర్చుకున్నాను. ఇది కూడా ఆమె చదవలేదు, ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

ఆమె కాగితం మీద వేలు పెట్టి ఒక్కొక్కటే అడిగింది. పొయ్యి పైన నేను ఎంతో ముచ్చటపడి గీసిన అటక చూసి, "దీంట్లో ఎవురు పండుకుంటారు?" అంది. ఎవరూ పడుకోరు, సామాను పెట్టుకోవడానికి అన్నాను. "సామాను దించితే పండుకుంటారు. తీసెయ్." అటక పోయింది. గోడకు మడతపెట్టే బల్ల పోయింది. ఇంటి ముందు తిన్నె గీశాను, సాయంత్రం కూర్చుంటావని. దాన్ని చాలాసేపు చూసింది. "దీని మీద గూడా పండుకుంటారు పాపా." తిన్నె పోయి ఒక్క మెట్టు మిగిలింది. మనిషికి ఒక తిన్నె కూడా ఉండకూడదా అని నేను కాగితాలు విసిరికొట్టినంత పని చేశాను. ఆమె ససేమిరా అంది. "పోదుం పాపా, చాలు" అని కాఫీ పెట్టడానికి లేచింది, అదీ నా వంటింట్లో.

ముగ్గు పోసే రోజు పెద్దనాన్న, పెద్దమ్మ వచ్చారు. వెనక వీధిలో రేవు నుంచి చేపల వ్యాన్లు హారన్లు కొడుతూ పోతున్నాయి. పెద్దనాన్న పంచె ఎగగట్టి గీతల మధ్య నిలబడి నాలుగు వైపులా చూశాడు.

"ఏందిమే ఇది? మన ఆవు గూడా ఇంతకంటే పెద్దదాంట్లో ఉణ్ణింది."

అంటూనే మడమతో ఒక గీత చెరిపి, నాలుగడుగులు అవతల పొయ్యమని మేస్త్రీకి చెప్పాడు. మేస్త్రీ నా వైపు చూశాడు. ఎవరి మాట వినాలో మేస్త్రీలకు ఎప్పుడూ తెలిసిపోతుంది, వాళ్ళు మగవాళ్ళ మాటే వింటారు. అతను పోశాడు. అప్పుడు పెద్దమ్మ, పెద్ద ఉపకారం చేస్తున్నట్టు, తన మనసులోది బయటపెట్టింది.

"నా మోకాళ్ళ ఆపరేషన్ అయినంక మా ఇంట్లో మాడి మెట్లు ఎక్కనుకాదు. ఈడనే నీ దగ్గిర ఉండిపోతా. నీకూ తోడు గదా."

నాకు ఒళ్ళు మండింది. పైగా ఆమె కోడళ్ళు ఇద్దరూ ఆ ఊళ్ళోనే ఉన్నారు. అత్త చీపురు తెచ్చి కొత్త గీతను ఊడ్చేసింది. మేస్త్రీ చేతిలోని డబ్బా తీసుకుని, పాత గీత ఉన్న చోటే మళ్ళీ పోసింది. అది వంకరగా వచ్చింది. "చిన్నదే సరి అన్నా" అని మాత్రం అంది. పెద్దనాన్న నవ్వి ఊరుకున్నాడు. గోడలు లేచాక ఎలాగూ తన మాటే నెగ్గుతుందని ఆయన ధీమా.

గోడలు లేచాయి. అందరికీ నేను చెబుతూ వచ్చిన సంగతే నిజమై, ఈసారి మా నెత్తి మీదే పడింది. ముగ్గులో కోళ్ళగూడంత ఉన్న గది, సున్నం వేసి ఎర్రనేల పాలిష్ పెట్టేసరికి హాయిగా విశాలంగా కనిపించింది. పెద్దమ్మ కర్ర పట్టుకుని వచ్చి చూసి సంబరపడింది. మంచానికీ పొయ్యికీ మధ్య నేలను కర్రతో తట్టి, "నా మడతమంచం ఈడ బాగా పడుతుంది" అంది.

మరునాడు అత్త ఆటోలో నా దగ్గరికి వచ్చింది. ఆమె మొహం అంతగా వాడిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

"మడతమంచం పడుతుంది పాపా. నేనే ఏసి చూసినా."

"పడితే పడనీ అత్తా. వద్దు వదినా అని చెప్పు."

"నాకు వద్దనను రాదు" అంది అత్త. "వచ్చింటే ఇల్లెందుకు? నా బదులు ఇల్లే వద్దనాల."

ఏం చేయమంటుంది నన్ను? సున్నం వేసిన గోడలను లోపలికి జరపమంటుందా? విసుగు, జాలి, కోపం ఒక్కసారే వచ్చాయి. ఆ గది కొలతలన్నీ నావే. ఇంకో జానెడు తగ్గించి ఉంటే సరిపోయేది. నేను తల పట్టుకుని కూర్చుంటే ఆమె మెల్లగా అడిగింది. "అమ్మ రుబ్బురోలు ఉండాది గదా?"

అవ్వ రోలు పెద్దనాన్న పెరట్లో బావి పక్కన పడి ఉంది. ఇంటింటికీ కరెంటు గ్రైండర్లు వచ్చాక దాన్ని ఎవరూ ముట్టలేదు. వాననీళ్ళు నిండితే కాకులు స్నానం చేసేవి. అంతకు ముందు ఆ ఇంటిల్లిపాదికీ అత్త దాంట్లోనే పిండి రుబ్బింది. పాత ఇళ్ళలో రోలును నేలలోనే నాటేవాళ్ళు, కానీ ఒక మూలన. అత్త దాన్ని గది నడిమధ్యలో నాటమంది.

నేను ఒప్పుకోలేదు. మూలన పెడదామన్నాను. గిన్నెల బల్ల కట్టిస్తానన్నాను. బల్ల మీద పరుపు వేస్తారంది. నిజమే, వేస్తారు. చివరికి మేస్త్రీ నా ఎర్రనేలను ఉలితో పగలగొడుతుంటే నాకు ఏడుపొచ్చింది. నా చేతి మీదుగా అంత నున్నటి నేల మళ్ళీ రాలేదు. "ఎవురన్నా నడింట్లో రోలు నాటుతారామ్మా" అని అతను పని అయ్యేదాకా సణిగాడు. ఆ రోజు నేను అతనితో ఏకీభవించాను. నలుగురు కూలీలు కలిసి రోలును దొర్లించుకొచ్చి దింపారు. అత్త పక్కనే నిలబడి, ఇంకొంచెం ఇటు, ఇంకొంచెం ఇటు, అని జరిపించింది.

గృహప్రవేశం బాగానే జరిగింది. పాలు పొంగాయి. చుట్టాలు నలుగురు నలుగురుగా లోపలికి వచ్చి, రోలు తట్టుకుని, తిట్టుకుని బయటికి వెళ్ళారు. పొద్దు వాలుతుండగా పెద్దనాన్న మడతమంచం మోసుకొచ్చాడు. కొత్త ఇంట్లో ఆ రోజే నిద్ర చేయాలి, అదీ ఒంటరిగా చేయకూడదని పెద్దమ్మ పట్టు. ఒకసారి ఆమె నిద్ర చేసిందంటే ఇక లేవదని నాకు తెలుసు, అత్తకూ తెలుసు.

పెద్దనాన్న మంచాన్ని నిలువుగా వేశాడు, పట్టలేదు. అడ్డంగా వేశాడు, ఒక కాలు రోటి గుంతలో పడి మంచం ఒరిగింది. ఆయన చెమట తుడుచుకుని అత్త వైపు తిరిగాడు.

"ఎవురు పెట్టమన్నారు దీన్ని ఈడ? రేపు తీపిచ్చెయ్."

"అమ్మ రోలన్నా" అంది అత్త. "నాటినంక పెరకతారా?"

ఆయన రోలు వైపు చూశాడు. అవ్వ పోయిన తర్వాత ఆయన ఆ రోలును చూసింది అదే మొదటిసారేమో. మంచం మడిచాడు. పెద్దమ్మ గొణుగుతూ కర్ర వెతుక్కుంది. వాళ్ళు వాళ్ళింటి వైపు వెళ్ళాక నేను హాయిగా ఊపిరి తీసుకుని, సంచిలోంచి దుప్పటి తీశాను.

నా లెక్కలో నేను చుట్టాన్ని కాను. ఆ ఇల్లు గీసింది నేను. వంటింటి గుమ్మం దగ్గర ఆమె చాప మీద ఆమె పక్కన ఒదిగి పెరిగింది నేను. ఇటుక మంచం మీద ఇద్దరం సర్దుకోలేమా? అత్త నా దుప్పటి చూసి, దాన్ని మళ్ళీ మడిచి నా సంచిలో పెట్టింది. చేతిలో తాంబూలం పెట్టింది.

"నువ్వూ పోయిరా పాపా. పొద్దున కాపీకి రా."

"ఒక్కదానివే ఎట్లా అత్తా? భయం వేస్తే?"

"ఏస్తుందేమో. ఇంతదాకా యాడా ఒక్కదాన్నే పండుకోలేదు గదా, చూస్తా" అంది.

నాకు కోపం వచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. ఇన్ని తిప్పలు పడి, నేల పగలగొట్టించుకుని, అందరితో మాటలు పడిన నాకు కూడానా? గడప దాటాను గానీ, ఏదో ఒకటి అనాలని మెట్టు మీదే నిలబడ్డాను. ఆమె గడప లోపల నిలబడి, తలుపు పట్టుకుని, నేను కదలడం కోసం ఓపికగా చూస్తోంది. తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టింది నేనే. అది మూసుకోవాలంటే మెట్టు మీదున్నవాళ్ళు దిగాలి.

దిగాను. లోపల గడియ పడింది.