రెడ్డెమ్మక్క వెతికిన భయం మందు

నిన్న పొద్దున ఫోన్ ఎత్తితే ఓబులేసన్న గొంతు.

"అక్క పోయింది రా. నిద్రలోనే గుండె నిలిచిపాయ. నిదానంగా రా."

వార్త బుర్రకెక్కక ముందే ఆ నిదానమైన గొంతుకు నా ఒళ్లు జలదరించింది. ఫోన్ మోగితేనే వణికే మనిషి ఆయన. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఎవరికీ ఫోన్ చేయలేదు.

తెలియని ఫ్రెండ్స్ కోసం చెబుతున్నా. రెడ్డెమ్మక్క మా పెదనాన్న కూతురు. ఓబులేసన్న ఆమె తమ్ముడు.

తొంభైలలో ఆళ్లగడ్డలో వాళ్ల వీధిలో నాటుబాంబు పేలింది. ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ అప్పటి నుంచి లారీ టైరు పేలినా అన్న మంచం కింద దూరేవాడు. తాయెత్తులు కట్టించారు. నంద్యాల డాక్టర్లకు చూపించారు. ఫలితం సున్నా.

అక్క నంద్యాలలో డిగ్రీ చేసి, రీసెర్చ్‌కి హైదరాబాద్ వెళ్లింది. తమ్ముడి భయానికి మందు కనుక్కొస్తానని వీధంతా చెప్పి మరీ వెళ్లింది. మహా మొండిది మా అక్క.

ఒకసారి నాకు ల్యాబ్ చూపించింది.

భయపడితే ఒంట్లో ఒక స్ట్రెస్ హార్మోన్ బయల్దేరుతుందట. అది వెళ్లి కూర్చునే చోటు రిసెప్టర్. అక్క తయారు చేసిన పెప్టైడ్ అనే మందు ముందే వెళ్లి ఆ చోటు పట్టేస్తుంది, కిటికీలోంచి బస్సు సీటు మీద టవల్ వేసినట్టు.

బీప్ మోగితే షాక్ తగులుతుందని ఎలుకలకు అలవాటు చేశారు.

బీప్ మోగింది.

మామూలు ఎలుక కొయ్యబారిపోయింది. మందు ఎక్కిన ఎలుక తాపీగా మూతి తుడుచుకుంటూ నా వైపే చూసింది. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ నాకు చలి పుడుతుంది.

"దీనికి భయం పోయిందా అక్కా?"

"యాడికి పోతాది రా? ఆ హార్మోన్ లోపల తిరుగుతానే ఉంటాది. కూచోను సీటు దొరకదు, అంతే."

ఆ మాట చెబుతూ నా మణికట్టు ఎంత గట్టిగా పట్టుకుందంటే, గోళ్లు దిగాయి. "ఎలుకల డాక్టరమ్మా, వదులు" అని నవ్వాను. తనూ నవ్వింది.

ఆ మందు మనుషుల దాకా రాలేదు. సెలవులకు వచ్చినప్పుడల్లా అక్క ముఖం చిన్నబోయేది.

ఈ రోజు మధ్యాహ్నం పాడె ఎత్తే ముందు టపాకాయల సరం అంటించారు. అన్నను పట్టుకోవడానికి నేనూ ఇంకో బంధువూ రెడీగా నిలబడ్డాం.

వీధి దద్దరిల్లింది.

అన్న రెప్ప కూడా ఆర్పలేదు. పొగలో వంగి, రెండు అరచేతులతో అక్క చెవులు మూశాడు.

అందరం బిత్తరపోయాం.

"ఇంగ ముట్టించొద్దండప్పా" అన్నాడు, అదే నిదానం గొంతుతో. "అక్కకి నాకంటే బయం. ఇన్నేండ్లూ నా పేరు చెప్పుకొని దాచుకుంటాండె."

అక్కను మోసుకెళ్లేదాకా ఆయన ఆ చేతులు తీయలేదు.

నాకు ఏడుపు ఇప్పుడొస్తోంది.

వెళ్లిరా అక్కా. ఏ చప్పుడూ నిన్ను లేపని చోట హాయిగా పడుకో.