ఒక్క పేరుతో అచ్చయిన పేపరు

మా కంట్రోల్ సిస్టమ్స్ సార్ పోయారు. ఆయన భార్య ఫోన్ చేసి, "సార్ పొద్దుగాల దవాఖానాల పోయిండు బిడ్డా" అన్నారు. నాకు ఏడుపు రాలేదు. నాలుగేళ్లుగా ఆయనతో మాటల్లేవు.

సార్‌ది టేకులపల్లి, నాది కల్లూరు. ఖమ్మంలో నేను చదివిన ఇంజనీరింగ్ కాలేజీలో, ఆయన అరచేతిలో చీపురు నిలబెట్టుకుని క్లాసంతా తిరిగేవారు. "అది పడకముందే చెయ్యి కదలాలె. రియాక్టరైనా రోబో అయినా గంతే" అనేవారు. ల్యాబ్‌లో నేను తినలేదని తెలిస్తే, తన టిఫిన్ మూతలో సగం జొన్నరొట్టె పెట్టి నా వైపు జరిపేవారు. ఇవాళ నేను బతుకుతున్నది ఆయన నేర్పిన పనితోనే.

రేడియేషన్ వల్ల మనుషులు వెళ్లలేని చోట, రియాక్టర్ పైపులను పరీక్షించే రోబో చెయ్యి మీద ఇద్దరం పనిచేశాం. బరువు మారితే అది వణికేది. ఆ వణుకును బట్టి తన బలాన్ని తానే సవరించుకునే పద్ధతి నాకు తట్టింది. దాన్ని సరిచేయడానికి ఇద్దరికీ రెండేళ్లు పట్టింది. మొదటిసారి ఆ చెయ్యి నిండు గ్లాసును తొణకకుండా బల్ల మీద పెట్టినప్పుడు సార్ కళ్లు తుడుచుకున్నారు.

తర్వాత ఆ పద్ధతి మీద రీసెర్చ్ పేపరు అచ్చయింది. పైన ఆయన పేరొక్కటే ఉంది.

"నా పేరేది సార్?" అని అడిగాను.

ఆయన నా వైపు చూడలేదు. "నీకింకా శానా వస్తయ్ బిడ్డా. నాకిదే ఆఖరిది" అన్నారు.

ఆ రోజు బయటికొచ్చాక మళ్లీ ఆయన గది మెట్లెక్కలేదు.

మొన్న కాలేజీలో సంతాప సభ పెట్టారు. అందరూ ఆ పద్ధతినే పొగిడారు. మైకు నా చేతికొచ్చింది. "సార్ నాకు చదువిచ్చారు. ఆ పద్ధతి మాత్రం నాకు తట్టింది. అది ఆయనకు తెలుసు" అన్నాను.

వేదిక దిగగానే ఆయన భార్య నా చెయ్యి పట్టుకున్నారు. "నాకెర్కే బిడ్డా. నీ పేరు పెట్టమని శానసార్లు పోరిన."

ఈ నాలుగేళ్లలో బజార్లో ఎన్నోసార్లు కలిసి, నా బాగోగులు అడిగిన మనిషి ఆమె. ఈ మాట మాత్రం ఒక్కసారీ చెప్పలేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

జనం వెళ్లిపోయారు. దండ వేసిన ఫొటో వెనక ఫ్లెక్సీ మీద మా సమీకరణం అచ్చేయించారు. ప్లస్ ఉండాల్సిన చోట మైనస్ పడింది. అలా పెడితే ఆ రోబో చెయ్యి ఊగి ఊగి విరిగిపోతుంది. ఎవరూ గమనించలేదు. బ్యాగులోంచి మార్కర్ తీసి, దాని మీద నిలువుగా ఒక గీత గీశాను.

కింద ఆయన పేరు పక్కన కొంచెం ఖాళీ ఉంది. మార్కర్‌కు మూత పెట్టకుండా చాలాసేపు అక్కడే నిలబడ్డాను.