సున్నం మీద మచ్చ

నా చిన్నప్పటి సంగతులు నేను చెబితే మా ఇంట్లోవాళ్ళే సగానికి తగ్గించుకుని వింటారు. మీరూ అలాగే వినండి, నాకేమీ పట్టింపు లేదు. పోలీసు యాక్షన్ అయిన కొత్తలో, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట్‌లోని మా వాకిట్లో ఒక విమానానికి పాదాలు తయారయ్యాయి.

విమానం ఒక నవాబుగారిది. రెండు సీట్లు, గుడ్డ రెక్కలు. ఎంత పాతదంటే, గోల్కొండ కోట కూడా దాన్ని అన్నా అని పిలిచేది. విమానాల మైదానం నిండా మిలిటరీ వచ్చి దిగడంతో దానికి నిలువ నీడ లేకుండా పోయింది. నవాబుగారు పట్టుబట్టి, హుస్సేన్ సాగర్ నీళ్ళ మీద నుంచే ఎగిరిస్తామన్నారు. అలా ఎగరాలంటే చక్రాలు విప్పేసి ఫ్లోట్లు బిగించాలి. అంటే పైన మూసేసిన రెండు రేకు పడవలు. బొంబాయి నుంచి రైల్లో వచ్చిన ఆ పాత ఫ్లోట్లు సొట్టలు పడి, మా తాత చేతికి చేరాయి. రేకు పనికి మా తాత సుత్తి ఎత్తితే కంటోన్మెంటు గేదెలు పాలివ్వడం మానేసేవి.

ఒక్కో ఫ్లోటులో ఆరు గదులు. వెనకవాటిలో ఒకటి నిండినా ఫరవాలేదు. ముందరి గదిలోకి నీళ్ళు దూరితే మాత్రం విమానం మూతి కిందికి గుచ్చుకుని బోల్తా పడుతుంది. దాన్ని నడపబోయేది పక్కింటి అక్క భర్త, నాకు వరసకు బావ. అక్క గుంటూరు వైపు నుంచి వచ్చి మిషన్ బడిలో టీచరుగా చేరింది. రోజూ సాయంత్రం గోడ మీదుగా అనేది.

“తాతగారూ, మా ఆయనకు ఈత రాదండీ.”

“నీళ్ళు లోపటికి రాకుంటె ఈతతోని పనేందమ్మా,” అనేవాడు తాత.

అతుకులు పరీక్షించడానికి తాతకొక పద్ధతి ఉండేది. బయట సున్నం పూసి ఆరనిచ్చి, లోపల కిరసనాయిలు పోసేవాడు. నీళ్ళు దూరలేని సందులోంచి కూడా కిరసనాయిలు పాకి, తెల్లటి సున్నం మీద మచ్చగా బయటపడుతుంది. ఆ రోజుల్లో కిరసనాయిలు అత్తరు కంటే అపురూపం. మా ఇంటి వారం రోజుల దీపం ఆ ఫ్లోట్లలోకి పోయింది. తాతకు చూపు మందగించడంతో మచ్చలు వెతకడం నా వంతయింది.

ఫ్లోట్లు ఎక్కించిన బల్లల కింద వెల్లకిలా దూరి పదకొండు గదులు శ్రద్ధగా చూశాను. పన్నెండోది, కుడి ఫ్లోటు ముందరి గది, గోడ మూలన ఉంది. దాని కింద ఎర్రచీమలు, ఒక్కొక్కటి మేకపిల్లంత. వెనక్కి వచ్చేశాను.

“అన్నీ చూసినవారా?”

“చూసిన తాతా. పన్నెండు పొడిగనే ఉన్నయ్.”

“మూలకున్నది సుత?”

“అది సుత.”

ఆ మూలకు పోయినవాడు ఒళ్ళు గోక్కోకుండా బయటికి రాడని తాతకు తెలుసు. కోప్పడలేదు. చేతులు తుడుచుకుంటూ, “మంచిగైంది. రేపు పొద్దుగాల ఫ్లోట్లు సాగర్‌ల దించి, ముందుగాల నిన్ను కూసోబెట్టి నడుమదాక తోస్తం. నువ్వు మునగకుంటె మీ బావ ఎక్కుతడు,” అన్నాడు.

నాకూ ఈత రాదు. వెంటనే తప్పు ఒప్పుకుని చీమల్లోకి దూరాను. సున్నం మీద అరచేయంత మచ్చ.

తాత ఆ అతుకు విప్పి మళ్ళీ రివెట్లు కొట్టాడు. తర్వాత ఒక ఉదయం, గట్టు మీద లక్షమంది చూస్తుండగా, బావ ఆ విమానాన్ని నీళ్ళ మీద నుంచి లేపి, దింపి, పొడి బూట్లతో ఇంటికి వచ్చాడు.

లక్షమందినీ, మేకపిల్లలంత చీమల్నీ మీరు ఎలాగూ నమ్మరు, కాబట్టి అవి అబద్ధాలు కావు. నేను నిజంగా కల్పించింది ఒక్కటే, వెంటనే ఒప్పుకున్నానని. ఒప్పుకోలేదు. ఆ సాయంత్రం తాత మూడుసార్లు అడిగాడు, మూడుసార్లూ చూశాననే అన్నాను. దొరికిపోవడం కంటే మునిగిపోవడమే నయమనిపించింది. తెల్లారి అందరం బయల్దేరుతుంటే అక్క వచ్చి నా తల నిమిరి, “నువ్వే చూశావటగా నాన్నా, ఇంక నాకు భయం లేదు,” అంది. అప్పుడు తెరిచాను నోరు.

ఇప్పుడు నాకు యాభై దగ్గర పడుతున్నాయి. ఏది చెప్పినా పెంచి చెబుతాను, అది మారలేదు. కానీ నేను చూశానన్న మాట నమ్మి ఎవరైనా అడుగు వేయబోతే, ఒక్క నిమిషం ఆగమని చెప్పి, వెళ్ళి చూసి వస్తాను.