లేత దోమలు

మా చిన్నప్పుడు... అరవైల చివర్లో... మందు కొట్టే మలేరియా వాళ్ళు వస్తున్నారంటే పిల్లలకి పండగే. మంచాలు, కుండలు, తట్టాబుట్టా అన్నీ వాకిట్లోకి వచ్చేసేవి. వాళ్ళు పంపులతో మట్టిగోడలన్నీ తడిపి వెళ్ళేవారు. ఎండాక తెల్లటి చారలు మిగిలేవి. ఆ వాసన నాకిప్పటికీ ముక్కులోనే ఉంది.

మొదట్లో గోడ మీద వాలిన దోమ వాలినట్టే రాలిపోయేది. మా నాన్న తల్లి, మామ్మ, పొద్దున్నే చీపురుతో ఊడ్చి పోసేది. శ్రీకూర్మం దగ్గర మా పల్లెలో జనం చలిజ్వరం మాటే మర్చిపోయారు.

తర్వాత ఒక వానాకాలం... అక్క తొలి కాన్పుకి పుట్టింటికొచ్చింది. అప్పుడు చూశాం. మందు కొట్టిన గోడ మీదే, ఆ తెల్లచారల మీదే, దోమలు నింపాదిగా కూర్చున్నాయి.

"మందుకి ముదిరిపోనాయర్రా ఇవి," అంది మామ్మ. కొన విరిచి బెండకాయ ముదురో లేతో చెప్పే మనిషి కదా... ఆవిడ లెక్క ఒక్కటే. ముదురు దోమల్ని పొగేసి తరిమేస్తే, కొత్తగా పుట్టే లేతవి మందుకి ఆగవని.

విజయనగరంలో బీఎస్సీ చదివే చిన్నాన్న సెలవులకి ఇంట్లోనే ఉన్నాడు. తల పట్టుకున్నాడు.

"ముదరడానికి అదేటి బెండకాయా అమ్మా? కాయైతే సెట్టు మీదుండి ముదురుతాది. దోమ బతుకెంత? మందుకి సచ్చినవి సచ్చాయి. పుట్టుకతోనే మందు తగలనివి ఏవో కొన్ని మిగిలాయి. ఇయన్నీ ఆటి పిల్లలే. ఇత్తనమే మారిపోనాది."

"ఓరి నీ సదువు సల్లగుండ! లేతదేదైనా లేతే," అని కొట్టిపారేసింది మామ్మ.

వేపాకు పొగ వేసింది. అక్కకి దగ్గు ఆగకపోతే, ఇక చాలని కుంపటి తీసేసింది. మందు బాగా పట్టిన గోడ వారనే అక్కకి మంచం వేసింది... ప్రేమతోనే. చిన్నాన్న ఎంత వద్దన్నా వినలేదు.

పెరట్లో వాననీటి గుంట ఉండేది. అందులో లుకలుకలాడే పురుగులు నా కళ్ళముందే రెక్కలొచ్చి లేచేవి. అప్పుడే పుట్టిన దోమలు. అవీ లోపలికొచ్చి ఆ గోడ మీదే వాలేవి... ఒక్కటీ రాలేది కాదు. నాకు అక్క మంచం వైపు చూడాలంటేనే భయమేసేది.

కొన్నాళ్ళకి అక్కకి వణుకు పట్టుకుంది. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పి, మీద నేను పడుకున్నా ఆగలేదు. బండి కట్టి శ్రీకాకుళం ఆసుపత్రికి చేర్చేలోగా, నెలలు నిండని బిడ్డ పోయాడు. అక్క దక్కింది. మామ్మ ఆ గోడకే తల బాదుకుంది. చిన్నాన్న ఆవిడని పట్టుకుని ఏడ్చాడే గానీ, నేను చెప్పానా అని ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు కాయిల్స్, ప్లగ్గులో పెట్టే సీసాలు, బ్యాట్లు... ఏడాదికో కొత్త పేరు. మా పిల్లలు పెట్టిన మర్నాడే "అన్నీ చచ్చాయి!" అని సంబరపడతారు. మీ ఇళ్ళలోనూ ఆ మందు కొట్టిన రోజులు గుర్తున్నవాళ్ళుంటే చెప్పండి... వినాలనుంది.

మా అక్కకిప్పుడు డెబ్భై దాటాయి. చచ్చినవాటి సంగతి ఎప్పుడూ అడగదు. ఫోన్ చేస్తే మెల్లగా అంటుంది...

"ఒసే, ఏవైనా మిగిలాయేటే?"