గేటు దగ్గర అడగాల్సిన పేరు

మా ఆడపడుచు కోటేశ్వరి ఊళ్లో ఉన్న భయాలు చాలనట్టు అమెరికా నుంచి ఒకటి అరువు తెచ్చుకుంది. ఇక్కడ బర్మాలో, అహ్లోన్ పేటలో బియ్యం గోదాంలో గోనెసంచుల మూతులు కుట్టే పని ఆమెది. చెవిలో ఫోన్ పెట్టుకుని కుడుతుంది. పాటలు వింటుందనుకునేరు, వినేవి హత్యల కథలు.

ఈ వానాకాలం ఆమెను పట్టుకున్నది ఒక అమెరికా లారీ డ్రైవరు కథ. ఫ్యాక్టరీల దగ్గర బండి కోసం నిలబడ్డ ఆడవాళ్లను ఎక్కించుకుని, చంపి, రోడ్డు పక్కన పారేసేవాడట. ఏళ్ల తరబడి అదే పని. ఇల్లు వదిలి పనికొచ్చిన వాళ్లను ఎవరూ వెతకరని వాడి ధీమా. ఒక తల్లి మాత్రం స్టేషను మెట్లు అరిగేలా తిరిగి కూతురి పేరు చెబుతూనే ఉంది. ఆ తీగ లాగితే డొంకంతా కదిలింది. వాడికి యావజ్జీవం పడింది. కానీ పేర్లు తెలిసిన వాళ్ల కేసులే కోర్టు దాకా వచ్చాయి. తక్కినవాళ్లు పోలీసు కాగితాల్లో నంబర్లుగా మిగిలిపోయారు.

"నంబర్లేటి వదినా? తల్లి పేరెట్టుకోలేదా?" అని అన్నం ముందు కూడా అదే గోల.

ఆమె కూతురు చిన్నతల్లి ఊరి చివర లైంగ్‌థార్యార్ పేటలో బట్టల ఫ్యాక్టరీలో కుడుతుంది. అక్కడే హాస్టల్లో ఉండి, ఆదివారం జనాన్నెక్కించుకునే పికప్ బండెక్కి ఇంటికొస్తుంది. ఆ ఆదివారం రాలేదు. ఫోన్ పలకలేదు. కరెంటు లేక చార్జింగ్ అయిపోయి ఉంటుందన్నాను. కోటేశ్వరి వింటేనా. సోమవారం పొద్దున్నే నన్ను లాక్కుని బస్సెక్కింది. దారి పొడవునా ఎదురొచ్చే ప్రతి పికప్ డ్రైవరు మొహమూ చూసింది. నాకు విసుగొచ్చింది. అబద్ధమెందుకు, భయమూ వేసింది.

ఇక్కడ మన తెలుగువాళ్లకు ఇంట్లో ఒక పేరు, బడిలో బర్మా పేరు. గేటు దగ్గర కాపలా పెద్దాయనకు కోటేశ్వరి బడి పేరే చెప్పింది, ఆడపిల్లల పేరు ముందు పెట్టే 'మ' చేర్చి మ తీరి అని. ఆయన లోపలికెళ్లి అడిగొచ్చాడు.

"ఆ పేరుగల పిల్ల ఇక్కడ ఎప్పుడూ పనిచెయ్యలేదమ్మా."

కోటేశ్వరి గేటు ఊచలు పట్టుకుంది. "లేదంటాడేటి వదినా? నా పిల్లని నంబర్లో కలిపేసినారా?" అంది.

ఇంతలో అన్నం బెల్లు మోగింది. బయటికొచ్చిన ఆడపిల్లల గుంపులో, బుగ్గల మీద తనకా చెక్క గంధం పూతతో మా చిన్నతల్లి. కోటేశ్వరి చిన్నతల్లీ అని పిలిచింది. పిల్ల చూసింది, చూసి తల తిప్పుకుంది.

"మ ఖిన్ సాన్, ఈవిడ నీకేమవుతుంది?" అని పెద్దాయన అడిగాడు.

"మా వీధిలో ఆవిడ," అంది మా చిన్నతల్లి బర్మా భాషలో.

టీ కొట్టు వెనక్కి తీసుకెళ్లాక సంగతి చెప్పింది. తన గుర్తింపు కార్డు ఇంకా రాలేదు. కార్డు లేకపోతే పని ఇవ్వరు. థాయ్‌లాండ్ వెళ్లిపోతూ స్నేహితురాలు ఖిన్ సాన్ తన కార్డు ఇచ్చిపోయింది. ఆదివారం రాకపోవడానికి ఓవర్‌టైమే కారణం, ఫోన్‌కేమో చార్జింగ్ లేదు.

"తెలిత్తే తీసేత్తారమ్మా. ఇక్కడ నువ్వు నాకు అమ్మవి కాదు."

నేను నోటికొచ్చినట్టు తిట్టాను. కోటేశ్వరి తిట్టలేదు. కూతురి మొహమే చూస్తూ అడిగింది.

"నీకేటైనా అయితే కబురు ఎవరింటికి ఎల్తాది?"

చిన్నతల్లి చెప్పులతో మట్టి గీరింది. "ఖిన్ సాన్ వోళ్లింటికి."

మర్నాడు కోటేశ్వరి అరటిపళ్లు పట్టుకుని మా వెనక వీధిలో ఖిన్ సాన్ తల్లి డో మ్య ఇంటికి వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. కోటేశ్వరి దాచకుండా అంతా చెప్పి, చేతులు పట్టుకుని అడిగింది. "మీ అమ్మాయి పేరుతో ఏ కబురొచ్చినా ముందు నాకు చెప్పండి."

డో మ్య అరటిపళ్లు అందుకుని పక్కన పెట్టింది. థాయ్‌లాండ్ వెళ్లిన కూతురి నుంచి ఆమెకు వాన మొదలైనప్పటి నుంచీ ఫోన్ లేదు.

"చెబుతాను," అంది. "కానీ అది మీ పిల్ల కబురో నా పిల్ల కబురో నాకెలా తెలుస్తుంది?"