కాలువ ఆటా, గ్లాసు చెరకు రసమూ

తొంభైల మధ్యలో నన్ను నిజామాబాద్ టౌన్ నుంచి బోధన్‌కు సబ్ ఇన్‌స్పెక్టర్‌గా బదిలీ చేశారు. అప్పుడే చెరకు సీజన్ మొదలైంది. రోడ్ల పొడవునా చెరకు బండ్లు బారులు తీరి ఉండేవి. ఇక నా ఉద్యోగమంతా వాటిని పక్కకు జరిపించడమే అనుకుంటూ చేరాను. చేరిన కొద్ది రోజులకే పైనుంచి మెమో వచ్చింది. పట్టణంలోని వీడియో గేమ్ గదులన్నీ తనిఖీ చేయాలి, నాణెం వేస్తే బహుమతి ఇచ్చే మిషన్లను జప్తు చేయాలి. వీడియో గేముల పేరు చెప్పి కొందరు పళ్ల బొమ్మలు గిర్రున తిరిగే జూదం మిషన్లు పెట్టారు. వాటి కోసం వచ్చిన ఆదేశం అది.

ఇలాంటి దాడికి ఒక పద్ధతి ఉంటుంది. పంచులుగా ఇద్దరు స్థానికులను వెంట తీసుకెళ్లాలి. చూసింది చూసినట్టు వాళ్ల ఎదుటే రాసి సంతకాలు తీసుకోవాలి. అదే పంచనామా. జూదం మిషన్ అయితే స్వాధీనం చేసుకుని కోర్టుకు పంపాలి. అయితే చట్టంలో ఒక మినహాయింపు ఉంది. గెలుపు అదృష్టం మీద కాక ప్రధానంగా నేర్పు మీద ఆధారపడితే అది జూదం కాదు. వినడానికి బాగానే ఉంటుంది కానీ, ఏది నేర్పో ఏది అదృష్టమో అక్కడికక్కడ తేల్చాల్సింది ఎస్సై. అది మాకు ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పలేదు.

బస్టాండ్ పక్కన మార్తమ్మ గదిలో మూడు మిషన్లు ఉండేవి. మాక్లూర్ నుంచి వచ్చి స్థిరపడిన మెథడిస్టు కుటుంబం ఆమెది. భర్త పోయాక గది తానే నడిపేది. తమ్ముడు గది ముందే చెరకు రసం బండి పెట్టుకున్నాడు. కుస్తీ మిషన్, కార్ల మిషన్ దగ్గర కాలేజీ కుర్రాళ్లు ఒకరి మీద ఒకరు పడేవారు. మూలనున్న మూడోదాన్ని వాళ్లు ముసలోళ్ల ఆట అని వెక్కిరించేవారు.

దాని మీద రాసి ఉన్న పేరు ఏ భాషో ఎవరికీ తెలియదు. అందరూ కాలువ ఆట అనేవారు. తెర మీద ఒక మూల చెరువు, ఇంకో మూల ఎండిన పొలం. కాలువ ముక్కలు ఒక్కొక్కటే వస్తాయి, ఒకటి నిటారుగా, ఒకటి వంపు తిరిగి. చెరువు తూము తెరుచుకునేలోగా వాటిని కలుపుతూ పొలం దాకా చేర్చాలి. నీళ్లు ముక్క లేని చోటికి వస్తే బయటికి పొర్లిపోతాయి, ఆట అయిపోతుంది. చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తెచ్చి తమ వంతు కోసం పడిగాపులు కాసే ఎడపల్లి రైతులు అక్కడ చేరేవారు. పొలం తడిపినవాడికి మార్తమ్మ ఒక గ్లాసు చెరకు రసం పోసేది. బండెడు చెరకు తోలుకొచ్చిన మనిషి, గెలిచిన ఆ గ్లాసును పదిమందికీ చూపించి మరీ తాగేవాడు.

మా హెడ్ కానిస్టేబుల్ గఫార్ కన్ను ఆ గ్లాసు మీదే పడింది.

"సాబ్, బిళ్ల ఏస్తే ఇనాం ఇస్తున్నరు. మెమోల గదే ఉన్నది గద" అన్నాడు. కాగితం ప్రకారం అతను అన్నదాంట్లో తప్పు లేదు.

మార్తమ్మ మిషన్‌కు అడ్డం వచ్చింది. "గిది పత్తాలాట కాదు సారూ. నీళ్లు పారిచ్చే ఆట. అచ్చినోళ్లకు అస్తది, రానోళ్లకు రాదు. గెల్సినోళ్లకు గిలాసెడు రసం పోస్త, గంతే" అంది.

ఒక్క మిషన్ మీద కేసు పడినా గది అనుమతి రద్దవుతుంది, మిగతా రెండూ మూతపడతాయి. ఆమె ఇల్లు గడిచేది వాటితోనే. నేను ఆ రోజు జప్తు చేయలేదు. మిషన్‌ను పరీక్షించి నివేదిస్తానని డీఎస్పీ గారికి రాశాను. ఆయన మా సబ్ డివిజన్ అధికారి, మెమోలో కామా కూడా వదలని మనిషి.

పరీక్ష అంటే ఆడడమే. రోజూ మధ్యాహ్నం యూనిఫాం విప్పి, మామూలు చొక్కా వేసుకుని వెళ్లి కూర్చునేవాణ్ని. మొదట్లో నీళ్లు రెండో మలుపు కూడా దాటలేదు. వెనక నిలబడ్డ రైతులు ఉండబట్టలేక, "అగో, అటు కాదు సారూ, కట్ట తెగె!" అని మొత్తుకునేవారు. కొన్ని రోజులకు వంపు ముక్కను ముందుగానే ఒక పక్కన పెట్టుకోవడం తెలిసింది. మొదటి పొలం తడిసిన రోజు లాఠీచార్జి లేకుండా ఊరేగింపు దాటించినంత సంబరపడ్డాను. ముక్కల్ని తిప్పే ఆ అరిగిపోయిన ఎర్ర బొడిపె, నీళ్లు కదిలేటప్పుడు గుడగుడమనే చప్పుడు, బయటి బండి నుంచి వచ్చే అల్లం వాసన ఇప్పటికీ గుర్తున్నాయి. సర్వీసులో అంత ఇష్టంగా చేసిన డ్యూటీ ఇంకోటి లేదు. ఇంట్లో మా ఆవిడ మాత్రం, "ఆడుకునేటందుకు గూడ జీతం ఇస్తున్నరా?" అని అడిగింది.

ఇది నేర్పు ఆటేనని నేను రాసిన నివేదిక చదివి డీఎస్పీ గారు స్వయంగా వచ్చారు. నేర్పు అన్నావుగా, చూపించమన్నారు. వెనక అధికారి నిలబడితే ఆట సాగుతుందా? నీళ్లు మొదటి మలుపులోనే పొర్లిపోయాయి. ఇదేనా నీ నేర్పు అని ఆయన టోపీ తీసి పక్కన పెట్టి కూర్చున్నారు. ఆయన నీళ్లూ పొర్లాయి. ఇంకో బిళ్ల వేశారు. మళ్లీ పొర్లాయి. జేబులోంచి తీసి ఇంకోటి వేశారు. ఈసారి నాలుగు మలుపులు దాటించారు. ఆ తర్వాతి ఆటలో, నాలుక బయటపెట్టి మరీ, పొలం తడిపారు.

అంతే, మార్తమ్మ అలవాటు చొప్పున చెరకు రసం గ్లాసు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

గఫార్ గట్టిగా దగ్గాడు. ఆమెకు అర్థం కాలేదు. మెమోలో రాసిన నేరం, రాసింది రాసినట్టు, డీఎస్పీ కళ్ల ముందే జరిగిపోయింది. నా పని, ఆమె గది రెండూ అయిపోయాయనుకున్నాను.

ఆయన గ్లాసు వైపు చూసి, ఇది ఊరికే ఇస్తున్నావా, గెలిచినందుకా అని అడిగారు.

ఊరికేనని చెప్పమ్మా అని లోపల మొక్కుకున్నాను. ఆమె, "గెల్సిండ్రు గద సారూ. ఇంతకుముందు మూడుసార్లు ఓడితిరి, పోసిన్నా?" అంది.

ఆయన నా వైపు తిరిగారు. ఓడిన ప్రతిసారీ తనకు ఏదో ఒకటి తెలిసిందని, అదృష్టమైతే అలా నేర్చుకుంటే వచ్చేది కాదని, ఆ సంగతి నా నివేదిక కంటే ఆమె మాట బాగా చెప్పిందని అన్నారు. నేర్పు ఆట, చర్య అవసరం లేదు అని నా కాగితం మీదే రాసి సంతకం చేశారు. తర్వాత గ్లాసు ఎత్తి రసమంతా తాగేశారు. వెళ్లబోతూ రెండో పొలంలో కాలువ ఎటు తిరుగుతుందని నన్ను చెవిలో అడిగారు.

కొన్నేళ్లకు టీవీకి తగిలించే గేములు ఇళ్లలోకి వచ్చి ఆ గది మూతపడింది. కుస్తీ మిషన్‌ను ఎవరో వెంటనే కొనుక్కున్నారు. కాలువ ఆటను ఎవరూ అడగలేదు. అప్పటికి నేను వేరే స్టేషన్‌కు మారిపోయాను, లేకుంటే నేనే ఇంటికి తెచ్చుకునేవాణ్ని. ఇప్పుడు ఫోన్‌లో అలాంటివే వెతికి ఆడుతుంటాను. నీళ్లు పారతాయి కానీ ఆ చప్పుడు లేదు.

ఆ ఘటన తర్వాత రిటైరయ్యే దాకా రెండు విషయాలు పాటించాను. ఏ వస్తువునైనా జప్తు చేసే ముందు దాన్ని వాడి చూశాను. సాక్షి చెప్పే నిజం నా కేసును చెడగొడుతుందేమో అనిపించినప్పుడు కూడా, దగ్గి ఆపలేదు.