సారు కుండీలు, నా వనస్పతి డబ్బా

ఆ రోజుల్లో నాకు రాయడం వచ్చి ఉంటే ఈ సంగతి అప్పుడే రాసి పెట్టేదాన్ని. రాలేదు. మా ఇంట్లోకి వచ్చిన ఒకే ఒక్క పలక మా తమ్ముడి చేతికి పోయింది, చీపురు నా చేతికి వచ్చింది. అక్షరాలు నాకు నలభై ఎనిమిదో ఏట, మా కిషన్‌బాగ్ గల్లీ చివర మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకు చదువు చెప్పే తరగతిలో వచ్చాయి. ('అ' దిద్దడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. నా పక్కన కూర్చున్న ముసలమ్మకు రెండు రోజులే పట్టింది. ఆ కుళ్ళు నాకింకా పోలేదు.) ఇప్పుడు కూడబలుక్కుని చదువుతాను, ఆగి ఆగి రాస్తాను. సొంతంగా ఏమైనా రాయమంటే అందరూ దేవుడి పేరు రాశారు, నేనూ రాశాను. ఆ తర్వాత రాస్తున్నది ఇదే.

తొంభైల మధ్యలో అనుకుంటాను, నాకు ఇరవై రెండో ఇరవై మూడో. మా ఆయన ఉస్మాన్‌గంజ్‌లో ఒక సేటు దుకాణంలో మిరపకాయల బస్తాలు మోసేవాడు. (సాయంత్రం ఇంటికి రాగానే ముందు ఆయన తుమ్మేవాడు, తర్వాత నేను తుమ్మేదాన్ని. అదే మా పలకరింపు.) నేను బహదూర్‌పురాలో ఒక సారు ఇంట్లో అంట్లు తోమేదాన్ని. సారు వాళ్ళది కోస్తా వైపు. సర్కారు ఆఫీసులో ఉద్యోగం, మెల్లగా మాట్లాడే మనిషి. ఆ చలికాలం అమ్మగారు పురిటికని మూడు నెలలు పుట్టింటికి వెళ్తూ వంట నాకు అప్పగించారు. "సారుకు నీ చేతి వంట పడితే నేను తిరిగొచ్చాక కూడా వంట నీదే. పడకపోతే మళ్ళీ అంట్లే" అన్నారు. అంట్లు తోమి తోమి నా అరచేతులు పగిలిపోయి ఉండేవి. చలికాలం పొద్దున్నే ఆ నీళ్ళలో చేతులు పెట్టడమంటే ఏడుపొచ్చేది. పొయ్యి ముందు కూర్చునే ఉద్యోగం దొరకడమంటే నాకు తాసిల్దారు పని దొరికినంత. ఆ మూడు నెలలూ ఏ తప్పూ జరగకూడదని గట్టిగా అనుకున్నాను.

సారుకు మేడ మీద కుండీల పిచ్చి. ఆదివారం గడ్డం గీసుకోవడం మరిచిపోయినా కుండీలు మరిచిపోయేవారు కాదు. ఎక్కడినుంచో చిన్న పొట్లంలో దుమ్ములాంటి విత్తనాలు తెప్పించి, ఆరు కుండీల్లో చల్లి, ఒక్కో కుండీలో ఐస్‌క్రీం పుల్ల గుచ్చి దాని మీద ఏదో రాశారు. అంతకు ముందు రెండేళ్ళు అవే విత్తనాలు మొలవలేదట, మొలిచినవి కుళ్ళిపోయాయట. ఈసారి మొలిచాయి. ఒకరోజు ఆఫీసుకు పోతూ, "కుండీల్లో పిచ్చి మొక్కలు వస్తున్నట్టున్నాయమ్మా, కాస్త పీకెయ్" అన్నారు. ఏవి పిచ్చివో చెప్పలేదు. పుల్ల మీద రాసే ఉంది కదా అనుకున్నారు. ఆ పుల్లలు నాకు మొక్కలకు పెట్టిన దిష్టిపుల్లల్లా కనిపించాయి.

మేడ ఎక్కి చూద్దును కదా, ఆరు కుండీల నిండా గంగవాయిలి కూర. మీలో తెలియని వాళ్ళుంటే చెబుతాను. నేల మీద పాకుతుంది, ఆకు చిన్నగా కండగా ఉంటుంది, పుల్లగా ఉంటుంది, పప్పులో వేస్తే మా వైపు పండగే. అది మా ఇళ్ళలో పిచ్చి మొక్క ఎన్నడూ కాలేదు. ఆ కుండీల్లో రెండు రకాలు కనిపించాయి. ఒకటి నేనెరిగినదే, ఎర్ర కాడ, సన్నని ఆకు. రెండోది దాన్ని మించినది. ఆకు బొద్దుగా, కాడ లావుగా, మీద చెమట పట్టినట్టు తళతళా మెరిసే చుక్కలు. సర్కారు మనిషి వేపపిండి వేసి పెంచితే గంగవాయిలి కూడా ఇంత బలుస్తుందా అని ముక్కున వేలేసుకున్నాను. మా దగ్గర కూర కోసే పద్ధతి ఒకటుంది. బలిసినది కోసుకుని లేతది వదిలేస్తాం, వారానికి మళ్ళీ చేతికొస్తుందని. కోసినదాంట్లో ముదురు కాడలు పారేయం, ఏ డబ్బాలోనో గుచ్చుతాం. ఆ పద్ధతి తప్పకుండా మెరిసేవన్నీ కోసి, సన్నవన్నీ జాగ్రత్తగా వదిలి, మట్టి సర్ది, మంచి పని చేసినదాన్నై కిందికి దిగాను.

ఆ పూట పప్పు చేశాను. ఆకులోనే ఏదో ఉప్పదనం ఉంది, నేను వేసిన ఉప్పు దానికి తోడైంది. సారు మొదటి ముద్ద తిని ఆగారు. "ఉప్పు కొంచెం ఎక్కువైంది. కానీ భలే ఉందమ్మా ఇది" అని మళ్ళీ వేయించుకున్నారు. ఇంక వంట నాదే అని వంటింట్లో గోడకు దణ్ణం పెట్టుకున్నాను. మిగిలిన ముదురు కాడలు కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చి, మా రేకుల ఇంటి గోడ మీద ఉన్న పాత వనస్పతి డబ్బాలో గుచ్చి, వాటి సంగతే మరిచిపోయాను. మాకు నల్లా రోజు విడిచి రోజు వచ్చేది. మనుషులకే చాలేది కాదు, డబ్బాకు ఎవరు పోస్తారు?

అటు మేడ మీద సారు మాత్రం రోజుకు రెండు పూటలా నీళ్ళు పోసేవారు. నేను లేత కూరని వదిలిన మొక్కలు ఆరు కుండీలూ అల్లుకుపోయాయి. సారు వంగి వంగి చూసేవారు, వేళ్ళతో మట్టి కదిపేవారు. నాకేమనిపించిందో చెప్పనా? నా పప్పు ఆయనకు అంతగా నచ్చింది, అందుకే కూరను బిడ్డలా సాకుతున్నారు అనిపించింది. అంత ప్రేమగా చూసుకుంటుంటే మళ్ళీ కోయడానికి నాకు చేతులు రాలేదు. ఒకసారి ఆఫీసు మిత్రుణ్ణి మేడ మీదికి పిలిచి మరీ చూపించారు. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "ఆకుల్లోనే ఒక అందం ఉందండీ" అన్నాడు. నేను టీ కప్పులు పట్టుకుని నిలబడి, కోస్తా వాళ్ళకు మా గంగవాయిలి మీద ఎంత గౌరవమో అని పొంగిపోయాను. చిట్టి పసుప్పచ్చ పువ్వు ఒకటి విచ్చితే సారు కాస్త దిగాలుగా చూసి, "మొదటిది కదా, చిన్నగానే ఉంటుంది" అని తనకు తానే చెప్పుకున్నారు.

మాఘమాసం ఎండలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి మా గోడ మీద ఎవరో రంగుల కాయితాలు చింపి పోసినట్టుంది. దగ్గరికి పోయి చూస్తే నా వనస్పతి డబ్బా. గులాబి, నారింజ, తెలుపు, మధ్యలో నల్లటి బొట్టు ఉన్న ఊదా. సన్నని రేకులు సూర్యుడి వైపు తిరిగి మెరుస్తున్నాయి. గంగవాయిలికి ఇన్ని రంగులు పుడతాయా అని నేను నోరు తెరుచుకుని నిలబడ్డ చోటికే, తోపుడు బండి మీద పూల మొక్కలమ్మే చిచ్చా వచ్చాడు. బండి ఆపి, టోపీ వెనక్కి నెట్టి, "యే కహాఁ సే లాయీ బేటీ, యాడికెల్లి తెచ్చినవ్?" అన్నాడు. గంగవాయిలి కూర చిచ్చా, కాడ గుచ్చితే వచ్చింది అన్నాను. చిచ్చా నవ్వి నవ్వి బండి పట్టుకున్నాడు. "కూర కాదు బేటీ. బరఫ్ కా పౌదా ఇది, ఐస్ ప్లాంట్ అంటరు పెద్ద బంగ్లాలల్ల. చూసేటిది, ఖానే కా నక్కో, తినేటిది కాదు. నేను మూడు సాల్లు పెట్టిన, అన్నీ సచ్చినయ్. నువ్వేం పోసినవ్ దీనికి?" ఏమీ పోయలేదన్నాను. "అదే మరి. దీనికి నీళ్ళంటే పడదు, ఎండంటే పడి సస్తది" అన్నాడు.

అప్పుడు నా తలలో ఆరు కుండీలూ ఒక్కసారి తిరిగాయి. సారు రెండేళ్ళు మొలిపించలేక మూడో ఏట మొలిపించింది నేను పోపు వేసి ఆయనకే వడ్డించాను. ఆయన రెండు పూటలా నీళ్ళు పోసి సాకుతున్నది పీకెయ్యమన్న పిచ్చి మొక్కని. మా ఆయనకు చెబితే తుమ్మడం కూడా మరిచిపోయాడు. "సప్పుడు చేయకు. ఆయనకు తెల్వది, నీకు తెల్వది, లొల్లి లేదు. డబ్బా ఆ మూలకు జరుపు" అన్నాడు. మాట మంచిదే అనిపించింది. డబ్బా జరిపాను కూడా. కానీ శనివారం సారు సంతోషంగా వచ్చి, సోమవారం ఆఫీసులో మొక్కల పోటీ ఉంది, కుండీలు మంచిగా తుడిచిపెట్టమన్నారు. అమ్మగారికి ఉత్తరం కూడా రాశారట. పదిమంది ఆఫీసర్ల ముందు ఆ మంచి మనిషి గంగవాయిలి కూర పెట్టుకుని నిలబడటం నా కళ్ళకు కట్టింది. ఎవరో ఒక మా వైపు గుమాస్తా చూసి, పప్పు లేదా సార్ అంటాడు. వంట పోతే పోయింది, అంట్లు ఎక్కడికీ పోవు అనుకున్నాను.

ఆదివారం తెల్లారగానే డబ్బా కొంగు చాటున పెట్టుకుని నడుచుకుంటూ పోయి సారు ముందు పెట్టాను. జరిగిందంతా చెప్పడానికి నోరు తెరిచి, ముందు పువ్వులు చూపిద్దామని కొంగు తీశాను. పువ్వుల్లేవు. ఎండ లేదు కదా, అన్నీ మూసుకుని వాడిపోయిన తోటకూర ముక్కల్లా ఉన్నాయి. సారు పేపరు దించి, "ఏంటమ్మా ఇది?" అన్నారు. "పూలు సార్. ఎండ రావాలె" అన్నాను. ఆయన నన్ను, డబ్బాను మార్చి మార్చి చూశారు. ఇంకెవరైనా అయితే పని చూసుకోమనేవారు. సారు పేపరు మడిచి, డబ్బా తానే పట్టుకుని మేడ ఎక్కారు. ఆయన పీట మీద, నేను మెట్టు మీద. పక్కింటి నీళ్ళ ట్యాంకు నీడ మా మీద ఉంది. అది కదలదే. నా పెళ్ళి ముహూర్తానికి కూడా నేను అంత ఎదురుచూడలేదు.

నీడ జరిగి జరిగి డబ్బా అంచు దాటింది. ముందు ఒక గులాబి కొస విప్పింది. తర్వాత దాని పక్కది. కాసేపటికి డబ్బా నిండిపోయింది. సారు పీట దిగి నేల మీద కూర్చున్నారు. ఒక్కో పువ్వు దగ్గరా వంగి చూశారు. తర్వాత కుండీల వైపు తిరిగి, "మరి ఇవేంటి?" అన్నారు.

"గంగవాయిలి కూర సార్."

"మరి ఆ రోజు నేను రెండోసారి వేయించుకున్న పప్పు..."

"గదే సార్. గీ పూలది" అన్నాను. నేల వైపు చూస్తూ అన్నాను.

పుల్ల మీద రాశాను కదా అన్నారు, కోపంగా కాదు, నిజంగా అడిగినట్టే. నాకు చదువ రాదు సార్ అన్నాను. ఆయన ముఖం మారింది. "నిన్ను అడగకుండా రాసిపెట్టాను. తప్పు నాదే" అన్నారు. నా జీవితంలో పెద్దమనిషి ఒకాయన నా ముందు తప్పు నాది అనడం అదే మొదలు. నాకు ఎటు చూడాలో తెలియక ట్యాంకు వైపు చూశాను. ఇంతలో ఆయనకు నవ్వు మొదలైంది. "మా ఆఫీసాయన ఆకుల్లో అందం ఉందన్నాడు చూశావా" అని నవ్వి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వారు. వంట సంగతి నేనే అడిగాను. "ఎందుకు మానడం? రేపు ఈ ఆరు కుండీలూ కోసి పప్పు చెయ్యి. ఉప్పు చూసి వెయ్యి" అన్నారు.

పోటీకి నా డబ్బానే తీసుకుపోయారు. బహుమతి రాలేదు గానీ అందరూ డబ్బా ఎక్కడిదని అడిగారట. అంతకు ముందే మూడు కొమ్మలు తుంచి, చెవి విరిగిన టీ కప్పులో గుచ్చి నాకిచ్చారు. ఒక కొత్త ఐస్‌క్రీం పుల్ల తీసుకుని, రెండు వైపులా అక్షరం కింద అక్షరం పొందిగ్గా రాసి, "ఇది కూడా గుచ్చుకో" అన్నారు. మొక్క పేరు కాబోలనుకున్నాను, ఎవరినీ అడగలేదు. రెండేళ్ళకు సారుకు బదిలీ అయింది. పోయేదాకా వంట నేనే చేశాను. ఆ తర్వాత ఎన్ని ఇళ్ళలో చేసినా వంటే చేశాను, మళ్ళీ అంట్లు తోమలేదు.

ఆ పుల్ల చాలా ఏళ్ళు నా పప్పుల డబ్బాలో ఉంది. తరగతిలో ఒత్తులు వచ్చిన వారం ఇంటికి వచ్చి దాన్ని వెతికి తీశాను. ఒక వైపు 'ఇది పప్పులోకి కాదు' అని ఉంది. రెండో వైపు నా పేరు ఉంది, చివర 'గారు' అని కూడా ఉంది. నా పేరు ఎవరైనా రాయడం అదే మొదటిసారి అయి ఉంటుంది, నేనేమో అది మొక్క పేరనుకుని ఇరవై ఐదేళ్ళు దాచాను. సారు ఎక్కడున్నారో తెలియదు. తెలిస్తే ఈ కాయితం ఆయనకే పంపేదాన్ని.

పుల్ల మీద మట్టి మరక ఉంది. ఆ మరక అక్షరాల కాళ్ళ వైపు కాదు, తల వైపు ఉంది. నాకు గుర్తుంది. సారు పుల్ల ఇచ్చిన మరునాడు పొద్దున్నే, పనికి పోకముందే, ఎండ పడే చోటు వెతికి గోడ మీద ఆ కప్పు పెట్టాను, నీళ్ళు పోయలేదు, గల్లీలో పోయే వాళ్ళందరికీ కనబడేలా పుల్ల గుచ్చాను, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాను. నా పేరు తలకిందులుగా ఉంది. ఎంత బాగా కుదిరిందో అనుకుని పప్పు చేయడానికి పోయాను.